నో సిగ్నల్: సటీకాతాత్పర్యము

మూలము: నో సిగ్నల్.

టీక: సిగ్నల్ = కంప్యూటరు పంపెడు చిత్రసంకేతము; నో = లేదు. "నాకు" అనునది అధ్యాహార్యము. వక్త మానిటరు, శ్రోత, బల్లక్రింద తీఁగకుఁ గాలు తగిలించుకొని దాని నూడఁదన్నిన గృహస్థుఁడు.

తాత్పర్యము: తా నున్నానని తెలుపుటకై మానిటరు హెచ్‌డీఎంఐ తీఁగయందలి 19వ పిన్నుపై నిలిపియుంచిన వోల్టేజి, తీఁగ యూడినంతనే పడిపోవఁగా, డిస్‌ప్లే డ్రైవరు ఉలికిపడి, ప్రవర మఱల నడిగి, బదులు రాకుండుటచే "డిస్కనెక్టెడ్" అని వ్రాసికొని, పైవారికి వర్తమానము పంపును.

విశేషము: ప్రవర యనఁగా ఈడీఐడీ. 1994లో వెలువడిన ప్రమాణము ననుసరించి మానిటరు చెప్పుకొను 128 బైట్ల వంశచరిత్ర యిది. తయారుచేసినవాని పేరు మూఁడక్షరములుగా రెండు బైట్లలో నిఱికియుండును. పుట్టినయేఁడు 1990 నుండి లెక్కింపఁబడును. అన్ని బైట్లను గూడిన మొత్తము 256చే నిశ్శేషముగా భాగింపఁబడునట్లు కడపటి బైటు పొసఁగింపఁబడును. మానిటరు స్విచ్చి కట్టివేసి యున్నను ఈ ప్రవర సాధారణముగా వినఁబడుటకుఁ గారణము, అందులకుఁ గావలసిన 5 వోల్టుల విద్యుత్తును 18వ పిన్ను ద్వారా కంప్యూటరే పెట్టుచుండుట. వచ్చినవానికి మంచినీళ్లిచ్చి గోత్ర మడుగుట వంటిది.

డిస్‌ప్లేపోర్టు శాఖవారు 2 మిల్లీసెకండ్లు మించిన మౌనమును వియోగముగా నెంచుదురు. ఆ శాఖలోని పెక్కు మానిటర్లు స్విచ్చి కట్టినంతనే మౌనము వహించుటచే, మొన్న మధ్యాహ్నపుఁ గునుకునకై పెద్దతెర నార్పి లేచి చూచుసరికి, దానిపై విప్పారియున్న నా ఆఱు విండోలును లాప్‌టాపు చిన్నతెరమీఁద, వానకు అరుగెక్కిన బాటసారులవలె ఒకదానినొకటి త్రోసికొనుచుండెను.

ఊడినవాని ప్రవర యేమగు నను విషయమున మతభేదము కలదు. విండోస్ మతమున, ఎన్నఁడో వచ్చిపోయిన మానిటర్ల ప్రవరలుకూడ రిజిస్ట్రీలో భద్రముగా నుండును. తెర తిరిగివచ్చినచో విండోలను పూర్వస్థానములకుఁ జేర్చు సదుపాయము విండోస్ 11న గలదు. లినక్స్ కెర్నలు ప్రవరను నిర్దాక్షిణ్యముగాఁ దుడిచివేయును. కాని చిత్రమేమన, ఆపుమని డెస్క్‌టాపు వ్యవస్థ ఆజ్ఞాపించువఱకు, ఉత్సవమూర్తి ఊరేఁగఁబోయిన పిదప వట్టిపీఠమునకు హారతి పట్టు అర్చకునివలె, ఖాళీ పోర్టునకు బొమ్మలు పంపుచునే యుండును. అట్టి క్షణమున సంకేతము లేదనుట యసత్యము, ఉన్నది, చేరలేదు. "నాకు" అధ్యాహార్యమని మొదటనే చెప్పుటకుఁ గారణ మిదియే.