హెడ్‌ఫోన్‌కు ఆంప్లిఫయర్ జత: ఏడు తిరుగులేని చిట్కాలు

హెడ్‌ఫోన్ కొనేది పాట వినడానికని చాలామంది పొరబడతారు. ఇంట్లోవాళ్లు పనికి పిలిచినప్పుడు వినపడకుండా ఉండటానికి కొంటాం. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుని హన్మకొండ చౌరస్తాకు బయల్దేరండి.

1. షాపులో పెట్టుకుని వినకండి. వింటే తేడా తెలుస్తుంది, తెలిస్తే ఆలోచించాలి. పెట్టె పెద్దదిగా ఉన్నది చూపించి, కిస్తీల మీద తీసుకోండి. బాపు అడిగితే "ఆన్‌లైన్ క్లాసులకు" అనండి.

2. పెద్ద అంకె ఎంచుకోండి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో వచ్చింది. 250దే అడిగి, నేరుగా ఫోన్‌కు గుచ్చండి. ఫోన్ ఇచ్చే వోల్టేజీ చాలక పాట బావిలోంచి వచ్చినట్టు వినపడుతుంది. ఇక ఆంప్లిఫయర్ పేరు చెప్పి బాపు దగ్గర మళ్లీ డబ్బులు అడగొచ్చు.

3. లెక్కల జోలికి పోకండి. ఆంప్లిఫయర్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటొద్దంటారు. 32 ఓమ్‌లదానికి 4 అన్నమాట. ఎన్‌ఐటీలో చదివే చిన్నమ్మ కొడుకు కాగితం, పెన్ను తీయగానే "తమ్మీ, చాయ్ తాగుదాం పా" అని లేవండి. బేస్ ముద్దముద్దగా వస్తే "వార్మ్ సౌండ్" అనండి. పేరు పెడితే లోపం కూడా గుణమే.

4. బాపు ఇచ్చిన డబ్బులు జేబులో వేసుకుని అటక ఎక్కండి. పాత స్పీకర్ ఆంప్లిఫయర్ దించండి. దాని స్పీకర్ వైరు పంటితో ఒలిచి, హెడ్‌ఫోన్ సాకెట్‌కు మెలేసి, టేపు చుట్టండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లిచ్చే పెట్టె 20 వోల్టులు తోస్తుంది. 250 ఓమ్‌లలో అది 1.6 వాట్లు. డీటీ 770 ప్రో తట్టుకునేది 100 మిల్లీవాట్లే. పదహారు రెట్ల బలం ఉచితంగా దొరుకుతుంటే వదులుకుంటారా?

5. వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పాకే జాక్ గుచ్చండి. టప్‌మంటుంది. చెవి దగ్గర గిన్నె వెచ్చబడుతుంది. లోపల వెంట్రుకంత సన్నని తీగచుట్ట కమిలిన వాసన వస్తుంది. జత కుదిరింది.

6. టేపు జిగురు కిరోసిన్‌తో తుడిచి షాపుకు తీసుకెళ్లండి. "అన్నా, డబ్బాలకెల్లి తీసినప్పుడే గిట్లుంది" అనండి. గొంతు పెంచండి, బిల్లు ముందే చూపించండి. బదులుగా వెనుక తెరిచి ఉండే డీటీ 990 ప్రో అడగండి.

7. దాన్ని కాజీపేటలో సికింద్రాబాద్ రైలు ఎక్కగానే తగిలించండి. వెనుక తెరిచి ఉంది కాబట్టి మీ పాట బోగీకి, బోగీ గోల మీకు. గోల వినపడ్డకొద్దీ వాల్యూమ్ పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 డెసిబెల్స్‌కు వారానికి 40 గంటలు ఇస్తుంది, 90కి 4 గంటలే. సికింద్రాబాద్ పోయి వస్తే వారం కోటా ఒక్కరోజులో పూర్తవుతుంది. ఆరు రోజులు మిగులు.

కొన్నాళ్లకు చెవిలో గుయ్‌మనే మోత స్థిరపడుతుంది. లోపలి వెంట్రుక కణాలు చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. అంటే ఈ ఫలితానికి జీవితకాలం వారంటీ. వంటింట్లోంచి అమ్మ పాలప్యాకెట్‌కు పొమ్మని ఎంత పిలిచినా, హెడ్‌ఫోన్ పెట్టుకోకుండానే వినపడదు. కొన్న పని నెరవేరింది. ఇవాళే మొదలుపెట్టండి.