కందకు లేని దురద

సంత్రాగాఛి చెరువునకు వలసపక్షులు రాకమునుపే మన కాలనీ గోడలపై వచ్చి వాలిన ఆ రంగుల ప్రకటనను గూర్చి వేరుగ వివరింపనక్కరలేదు. ఒక్క గొట్టము నెత్తురు సమర్పించుకొన్నచో రొయ్య, పీత, నత్త మొదలుగాగల వందలాది పదార్థములలో మన దేహమునకు శత్రువులెవ్వరో ఎరుపు, పసుపు, పచ్చ గళ్ళలో తేల్చిచెప్పుదురట! బెంగాల్ నాగపూర్ రైలు కాలమునుండి ఇచ్చట కాపురముండి, గోదావరి ఎండురొయ్యలను, వంగదేశపు చింగ్డీ మలాయికారీని సమదృష్టితో ఆరగించుచున్న తెలుగు కుటుంబములకు ఇప్పుడు ఎర్రగళ్ళ కాగితములు చేతికందుచున్నవి. జన్మలో మొగము చూడని లాబ్‌స్టరుతో సైతము కొందరికి పూర్వవైరము బయటపడినది.

ఆ పరీక్ష కొలుచునది ఇమ్యునోగ్లోబులిన్-జి అను ప్రతిరక్షకమును. తినుచున్న పదార్థమును దేహము ఎరుగుననుటకే గాని, దానివలన రోగము కలిగెననుటకు అది గుర్తు కాదు. దాని ఉపభేదమైన జి-4 పరీక్షను ఆహారపు ఎలర్జీ నిర్ధారణకు వాడరాదని 2008లోనే ఐరోపా ఎలర్జీ వైద్యుల సంఘము చెప్పినది. 2012లో కెనడా వైద్యులును ఇట్టి పరీక్షలు వలదనిరి. అనగా రొయ్యలు తినువాని నెత్తురు తీసి, శీతలపేటికలో ఊరేగించి, “అయ్యా, తమరు రొయ్యలు తినుచున్నారు” అని విన్నవించుటకు వేలరూపాయలు! ఈ రహస్యమును మన బజారులో చేపలమ్ము మనిషి అరువుఖాతా తిరగవేసి ఉచితముగ చెప్పగలదు. అంతటితో ఆగునా? కొన్నినెలలు రొయ్యలు మాని మరల రండందురు. తినకపోవుటచే ఆ ప్రతిరక్షకము తగ్గిన, శత్రువు వెనుకంజవేసెనని రెండవ రుసుము పుచ్చుకొందురు.

సంత్రాగాఛి కంద వంగదేశమంతట ప్రసిద్ధము. చక్కగ ఉడకనిచో అది గొంతును దురదపెట్టుటకు కారణము అందలి సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికములు, మందు చింతపండు. కందకు లేని దురద కత్తిపీటకేలయని పెద్దలు నవ్విరి. నేడు తిన్న మనిషికి లేని దురద నెత్తురు గొట్టమునకు పుట్టినది.

ఇక నవ్వలేను. నిజమైన రొయ్యల ఎలర్జీ కలదు. అది ఇమ్యునోగ్లోబులిన్-ఇ వలన కలుగునది. నిమిషములలో పెదవులు వాచి, ఊపిరి నిలిచి, ప్రాణము పోవచ్చును. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు దానికి ముఖ్యకారణమని 1993లో మన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులే అమెరికా సహచరులతో కూడి ప్రకటించిరి. వండినను దాని ఎలర్జీ కలిగించు గుణము పోదు. దాని జ్ఞాతులు బొద్దింకలలోను, ధూళిపురుగులలోను ఉన్నందున, ఈ చెమ్మనేలపై ధూళి సరిపడనివాని నెత్తురు, అతడు రొయ్యలను హాయిగ అరిగించుకొనువాడైనను, రొయ్యల ఇ-పరీక్షలో పాజిటివు చూపవచ్చును. కావున సరియైన పరీక్షకు కూడ రోగి చెప్పు కథయే ఆధారము. ఆ కథ నడుగక, జి-పరీక్షలోని పచ్చగడి చూపి “నిర్భయముగ భుజింపుడు” అని ఎలర్జీగలవానిని రొయ్యల పళ్ళెమునకు పంపుట వ్యాపారము కాదు, ద్రోహము. ఎర్రగడి చూపి ఎదుగు బిడ్డలచేత పాలు, గ్రుడ్లు, చేపలు మాన్పించుటయు ద్రోహమే.

రొయ్యలు తిని ఎన్నడును ఏ బాధయు ఎరుగనివారు ఆ కాగితమును చించివేసి భోజనమునకు కూర్చొనుడు. తిన్నంతనే దద్దురులు, వాపు, ఆయాసము కలిగినవారు రొయ్యలు మాని, ఎలర్జీ నెరిగిన వైద్యుని చూడుడు. ఏమి తింటిరి, ఎంతసేపటికి ఏమైనదని అడుగని చోట నెత్తురు ఇయ్యకుడు.