మార్చి 31 ఆటల పండుగ

రథసప్తమికి మా నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నీలకంఠేశ్వరుడి రథం కదిలిందంటే, కాలేజీల్లో ఆటల మాట మొదలవుతుంది. కవులు ఈ రోజుల్ని వసంతమంటారు. నేను చదివిన కాలేజీలో గేమ్స్ ఫీజు అనేవాళ్లం. ఏడాదంతా వసూలు చేసిన ఆ పైసలకు మార్చి 31లోగా లెక్క చూపాలి, లేకుంటే ఆడిట్‌వాళ్లు ఆడుకుంటారు. అందుకే ఫిబ్రవరి రాగానే మా పీడీ సార్‌కు కాలేజీకి మైదానం కూడా ఉందని గుర్తొచ్చేది.

ఈ తతంగానికి మూలపురుషులు ఇంగ్లండువాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీ కుర్రాళ్లు గుర్రప్పందేలతో విసిగి, వీటికంటే మన కాళ్లే నయమనుకుని 1850లో పరుగు పోటీలు పెట్టుకున్నారంటారు. 1864 మార్చిలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి తొలిసారి అథ్లెటిక్స్‌లో తలపడ్డాయి. అక్కడ మార్చి అంటే చలి వదిలే నెల. మనం నెలను తెచ్చుకున్నాం, ఎండ మాత్రం నిజామాబాద్‌దే.

తెల్లారేసరికి అటెండర్ రేకు డబ్బాకు బొక్కలు పొడిచి, సున్నం పోసి, ట్రాక్ గీసేవాడు. ఎనిమిది లైన్లు బయల్దేరేవి, మలుపు దగ్గరికి ఆరయ్యేవి. మూడో లైన్లో ఉరికినోడు ఐదో లైన్లో తేలితే అభ్యంతరం చెప్పే దిక్కు లేదు.

అయినా ఉరకాలంటే ముందు ముఖ్య అతిథి రావాలి. వచ్చాక మాట్లాడాలి. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్లను 9.58 సెకన్లలో ముగించాడు. అంతసేపట్లో మా అతిథి "వేదికనలంకరించిన" దాకా కూడా రాలేడు. క్రమశిక్షణ మీద ఆయన ఉపన్యాసం సాగుతుండగా వెనక వరస మొత్తం చెరుకు రసం బండి కాడ తేలేది.

అసలు రక్తి కట్టేది లెక్చరర్ల కుర్చీలాట. మా ప్రిన్సిపాల్ సార్ అందులో ఓడిన దాఖలా లేదు. పాట ఆపేది అటెండర్, అతని ఇంక్రిమెంటు కాగితం ఉండేది సార్ టేబుల్ మీద. చివరి కుర్చీకి ఇద్దరే మిగిలితే వైస్ ప్రిన్సిపాల్ సార్ "మీరు కూసోండి సార్, నాకు మోకాళ్ల నొప్పులు" అని పక్కకు జరిగేవారు. ఆయన కళ్లు మాత్రం ఆ కుర్చీ మీదే ఉండేవి.

తాడు గుంజుడు దగ్గర ఈ మర్యాదలేవీ చెల్లవు. 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న ఆట, ఆ తర్వాత వాళ్లు తీసేశారు. మేం తియ్యలేదు. బోధన్ వైపు చెరుకు రైతుల పిల్లలంతా కామర్స్‌లో చేరిన ఏడు సైన్సువాళ్లు తాడుతో పాటు వెళ్లి దుమ్ములో పడ్డారు. శక్కర్‌నగర్‌లో నిజాంల నాటి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, చెరుకు కట్టలు మోసిన ఆ చేతుల పట్టు ఎక్కడికి పోతుంది? గెలిచినోళ్లకు తలా ఒక స్టీలు గిన్నె. మా ఇంట్లో ఇప్పటికీ పెరుగు తోడుపెట్టేది అందులోనే. నేను సైన్సు. గిన్నె మా తమ్ముడిది.

ఇదంతా నవ్వులాటే అనుకుంటే, ఇదే ఊళ్లోని కలెక్టరేట్ మైదానంలో నిఖత్ జరీన్ ఉరికింది. తండ్రి జమీల్ అహ్మద్ ఆమెను అథ్లెటిక్స్‌లో దింపితే, అక్కణ్నుంచి బాక్సింగ్‌కు మళ్లి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఏడాదికొక్కనాడు చేసే సంబరంతో అంత గుద్దు రాదు. మా కాలేజీలో మిగతా రోజులన్నీ ఆటసామాను గదికి తాళం ఉండేది, తాళంచెవి పీడీ సార్ జేబులో ఉండేది.

కాబట్టి ప్రిన్సిపాల్ సార్లకు ఒక మనవి. ఆ తాళమేదో జూన్‌లోనే తియ్యండి. ముఖ్య అతిథి ఉపన్యాసం మాత్రం మార్చి 31 దాటాక పెట్టుకోండి, పిల్లలు ఎండాకాలం సెలవుల్లో తీరిగ్గా వింటారు.