47వ స్తంభమును గూర్చి ఒక బహిరంగ లేఖ

పురపాలక సంఘ వీధిదీపాల శాఖాధికారివారి దివ్యసముఖమునకు,

ఉద్యోగవిరమణ చేసిన బడిపంతులును, చత్వారము వచ్చిన తరువాత దగ్గరి వస్తువులు కనబడక దూరపు వస్తువులతోనే కాలక్షేపము చేయుచున్నవాడును, తమ పాలనలోని ఒకానొక వీధి చివరి యింటివాడును అగు నేను వ్రాసికొను విన్నపము.

అయ్యా, నాలుగు నెలలుగా మబ్బు గొంగళి కప్పుకొని పడుకొన్న ఆకాశము ముసుగు తీసి లేచి కూర్చుండు వేళ, చెరువులో నీరు తేటపడి, వరి పొట్టకు వచ్చి, రాత్రి తొమ్మిది దాటునప్పటికి అరుగుమీద చల్లగాలి సోకు ఈ ఆశ్వయుజ మాసమున, తమరు మా గుమ్మమున కెదురుగా నున్న 47వ స్తంభమునకు పాత పసుపుపచ్చ దీపమును తీసివేయించి, తెల్లని ఎల్‌ఈడీ దీపము నొకదానిని అమర్పించితిరి. దాని ప్రకాశము నిరుపమానము. ఈ మాటను నేను వెటకారముగా ననుట లేదు. దాని వెలుగున మా పెరటి కొబ్బరిచెట్టు మట్టలను అర్ధరాత్రి వేళ తప్పు లేకుండ లెక్కింపవచ్చును, పందొమ్మిది యున్నవి. గోడమీది కాకి తెల్లవారినదని భ్రమించి రెండవ జామునకే అరచుచున్నది. దీపము చుట్టు ముసురుకొను ఉసిళ్లను మెక్కి మెక్కి ఒక బల్లి స్తంభము దిగలేనంత స్థూలకాయమును సంపాదించినది. ఇన్ని జీవులకు ఇన్ని విధములుగా ఉపకరించిన దీపము నాకొక్కనికి అపకరించినదని ఫిర్యాదు చేయుట స్వార్థము క్రిందికి వచ్చునేమో యని సంకోచించియే ఇన్నాళ్లు ఊరకుంటిని.

కాని ఒక శాఖవారు పరుల సొత్తును స్వాధీనము చేసికొన్నపుడు పంచనామా వ్రాయుట ప్రభుత్వ మర్యాద కదా! తమరు మా వీధి ఆకాశమును స్వాధీనపరచుకొన్న నాడు అట్టి కాగితమేదియు వ్రాసినట్లు కనబడదు. రేపు తమకు బదిలీ అయి, వచ్చిన అధికారి లెక్క అడిగినచో తమరు చిక్కులపాలగుదురని తలచి, జ్ఞాపకమున్నంత మట్టుకు ఆ పంచనామాను నేనే వ్రాసి పంపుచున్నాను.

అక్టోబరు మొదటి వారమున, సాయంకాలము ఎనిమిది గంటలకు, నైరృతి దిక్కున దిగంతమునకు కొంచెము ఎత్తులో ఎఱ్ఱని చుక్క యొకటి యుండవలెను. అది జ్యేష్ఠ. దాని వెనుక వృశ్చికపు తోక కొండిగా వంకర తిరుగుచోట మూలానక్షత్రము. మూలకు అధిదేవత నిరృతి. ఆ దిక్కునకును ఆమె పేరే. ఇట్లు తన దేవత మూలనే మూల అస్తమించుట ఈ ఋతువున చూడదగిన ముచ్చట. అక్కడినుండి బయలుదేరి, నడినెత్తికి కొంచెము పడమరగా మూడు చుక్కల శ్రవణమును రాచుకొని, ఉత్తరాకాశమున హంసమండలము మీదుగా పోవు పాలపుంత యొకటి యుండెడిది. ఉండెడిది అనియే వ్రాయుచున్నాను.

వాయవ్యమున బాగుగా పైకి, నీలపు ఛాయ గల ధవళకాంతితో అభిజిత్తు. ఈమె మాత్రము తమ దీపమును లక్ష్యపెట్టక ఇప్పటికిని కనబడుచున్నది. అది ఆమె స్వభావము. రోహిణికి చెల్లెలగు ఈమె అక్కను మించిన పెద్దరికమును కోరి, తపస్సునకై అడవికి పోయెనని భారతము వనపర్వమున ఒక కథ కలదు. నక్షత్రములు ఇరువది యెనిమిది కాక ఇరువది యేడే యగుటకు మన పెద్దలు చెప్పుకొన్న కారణములలో అదియొకటి. పంచాంగమున చోటు పోయినను ఆమెకు పైపదవి రాసిపెట్టియున్నది: భూమి తన ఇరుసును బొంగరమువలె మెల్లగా త్రిప్పుకొనుచుండుటచేత, సుమారు 12 వేల ఏండ్ల తరువాత ఉత్తరధ్రువమున కించుమించు సమీపమున ధ్రువనక్షత్రస్థానమును అలంకరించునది ఈ అభిజిత్తే. ఉద్యోగోన్నతికై నిరీక్షించువారు తమ కార్యాలయమున ఎవరేని యున్నచో ఈ విషయము వారికి తెలియజేయ ప్రార్థన.

ఇక తూర్పు. మా అమ్మమ్మ వేసవి రాత్రులందు సప్తర్షులను చూపి ముసలమ్మ మంచమనెడిది. నాలుగు చుక్కలు మంచపు కోళ్లు, తక్కిన మూడు దానిని ఈడ్చుకొనిపోవు దొంగలు. శరత్తున సంధ్య చీకటి పడునప్పటికి ఆ మంచము ఉత్తరమున క్రుంకిపోవును. దానికి బదులన్నట్లు తూర్పున మరియొక మంచము లేచును, ఇంకను పెద్దది, చదరమైనది. పైనున్న రెండు కోళ్లు పూర్వాభాద్ర, క్రిందివి రెండు ఉత్తరాభాద్ర. వీనికి వైదికకాలపు పేరు ప్రోష్ఠపదములు, అనగా పీటకాళ్లు. మా అమ్మమ్మకు వేదము రాదు, వేదఋషికి మా అమ్మమ్మ తెలియదు. అయినను ఇరువురికిని ఆకాశమున తోచినది ఒక తరహా సామానే! ఈ మంచపు నులకలో, అనగా నాలుగు చుక్కల నడుమ, ఎన్ని చిన్న చుక్కలు కనబడునో లెక్కించి ఆ యూరి చీకటి నాణ్యమును నిర్ణయించుట చుక్కలు చూచువారి వాడుక. నిరుడు నాకు ఏడు కనబడినవి. ఈ యేడు కోళ్లే రెండు కనబడుట లేదు.

ఆ మంచపు ఈశాన్యపు కోడునుండి ఈశాన్యముగానే రెండు చుక్కలు నడిచి, అక్కడ ప్రక్కకు తిరిగి మరి రెండు చిన్న చుక్కలు దాటినచో, తడి వ్రేలితో అద్దమును తుడిచినట్లు ఒక మసక మరక అగుపడవలెను. పారశీక జ్యోతిర్విదుడు అల్ సూఫీ క్రీ.శ. 964 ప్రాంతమున దానిని చిన్న మబ్బుగా వ్రాసికొనెను. అది మబ్బు కాదనియు, మన పాలపుంతకు వెలుపలనున్న వేరొక నక్షత్రలోకమనియు నిరూపించుటకు 1923లో హబుల్ దానిలో ఒక చంచలనక్షత్రమును గుర్తించు దనుక ఆగవలసివచ్చెను. దాని దూరము సుమారు 25 లక్షల కాంతిసంవత్సరములు. ఉపకరణము లేని కంటికి కనబడు వస్తువులలో అంతకంటె దూరమైనవి దాదాపు లేవు. మానవుడింకను మానవుడు కాని కాలమున బయలుదేరిన ఆ వెలుగు, ఇన్ని లక్షల ఏండ్లు ఏ యాటంకమును లేక ప్రయాణించి, తీరా నా కంటికి నాలుగు గజముల దూరమున తమ 47వ స్తంభమువద్ద అటకాయింపబడుచున్నది. దీనికి బాధ్యులెవరో విచారించి తెలుపగలరు.

తొమ్మిదింటికి కృత్తికలు తూర్పున పొడిచియుండును. వానిని గూర్చి ఒక అనుభవము చెప్పుకొనవలెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు నేను మా అమ్మాయి ఇంట నుంటిని. నాలుగవ రాత్రికిని దీపములు లేవు. చంద్రోదయము అర్ధరాత్రికి గాని లేదు. సెల్‌ఫోన్లన్నియు చచ్చి, టైమెంతయినదో చెప్పు దిక్కు లేదు. ఉక్క భరింపలేక మేడమీదికి చేరితిమి. 1840 ప్రాంతముననే గోడె వెంకట జగ్గారావుగారు డాబాగార్డెన్సులో వేధశాల నిలిపిన ఊరది. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు 1874లో సూర్యబింబముపై శుక్రుడు నడచుటను పరిశీలించిన ఊరది. ఆ ఊరిమీద, బహుశః అనేక దశాబ్దముల తరువాత, పాలపుంత పరచుకొనియుండెను. చదువుకొన్న మేమందరము దానిని చూచి ఏమనవలెనో తెలియక నిలుచుండగా, శ్రీకాకుళమునుండి వచ్చి అపార్టుమెంటునకు కాపలాయున్న ముసలివాడు తూర్పువంక చేయి చాచి, వ్రేళ్లతో కొలిచి, “పిల్లలకోడి రెండు బారలెక్కిపోనాది బాబూ, తొమ్మిది దాటిపోనాది” అనెను. కృత్తికలకు వారి పేరు పిల్లలకోడి. ఎవరిదో పాత కీచేతిగడియారము తెప్పించి అగ్గిపుల్ల గీచి చూడగా తొమ్మిదింబావు. ఆ ముసలివాడు మరి రెండు రాత్రులు మా యందరికి గడియారముగా నుండి, కరెంటు రాగానే మరల కాపలావాడైపోయెను.

తెల్లవారుజామున లేవగలవారికి దక్షిణమున అగస్త్యుడు కలడు. మన యక్షాంశమున ఆయన దిగంతమునకు ఇరువది డిగ్రీలకంటె పెద్దగా పైకి రాడు. కాని సిరియస్ తరువాత ఆకాశమున అంత కాంతిగల నక్షత్రము వేరొండు లేదు. అగస్త్యోదయమున నీళ్లు తేటపడునని కాళిదాసు రఘువంశము నాల్గవ సర్గమున చెప్పెను; వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈయనకొక అధ్యాయమునే కేటాయించెను. వింధ్యమును వంచిన ఆ ముని 47వ స్తంభమును దాటి రాలేకపోవుట నాకు నమ్మశక్యము కాకున్నది.

దీపములకు నేను విరోధిని కాను. మన పెద్దలును కార్తీకమున ధ్వజస్తంభము మీదికి, చిల్లుల పాత్రలో ప్రమిద నుంచి, ఆకాశదీపమును ఎక్కించిరి. దాని వెలుగు ఒక చుక్క వెలుగును మించదు. మా వీధి ఆడపిల్లలు ట్యూషన్లనుండి తొమ్మిది దాటిన పిమ్మట ఇంటికి వత్తురు. వారికి వెలుగు కావలెను. అయితే వారు నడచునది నేలమీద. తమ దీపము మెడ పైకెత్తి యుండుటచేత దాని వెలుగులో కొంత భాగము నేలకు రాక మిన్నుకు పోవుచున్నది. పైగా పగటి ఆకాశమును నీలముగ జేయు నియమమే, పాత పసుపు కాంతికంటె ఈ తెల్లని కాంతిలోని నీలమును గాలిలో ఎక్కువగా వెదజల్లుచున్నది. లడఖ్‌లోని హాన్లేలో, అక్కడి వేధశాలకొరకు, 2022లో ఆ ప్రాంతమునంతను చీకటికి రక్షితమండలముగ ప్రకటించి, దీపములకు ముసుగులు వేయించిరి. మా వీధిలో వేధశాల లేదు. అరుగు మాత్రమే కలదు. కనుక నేను మండలము నడుగను, ఒక ముసుగు నడుగుచున్నాను.

దానికి తమ ఖజానానుండి పైసా వెచ్చింప నక్కరలేదు. బజారులో రేకుపని చేయువానికి కొలతలిచ్చి, లోపల తెల్లరంగు వేయించి, రెండు మరలతో బిగించుటకు వీలుగా డొప్ప నొకదానిని చేయించితిని. అది మా అరుగుమీదనే యున్నది. బహుళపక్షము ప్రవేశించినది, అమావాస్యకు ఇంక తొమ్మిది దినములే వ్యవధి. ఈలోపల నిచ్చెనయున్న మనిషి నొకనిని పంపవలెను. కాఫీ మేము ఇత్తుము.