మొద్దు మీద ముద్ర

నేను అటవీ శాఖ వాళ్ల సుత్తిని. మేకులు కొట్టడం నా పని కాదు. నాకు ఒకవైపు చిన్న గొడ్డలి అంచు, రెండోవైపు అక్షరాలు చెక్కిన గుండ్రటి ముఖం. అంచుతో చెట్టు బెరడు చెక్కి, లోపలి చెక్క బయటపడగానే నన్ను తిప్పి గట్టిగా ఒక్కటి వేస్తారు. ఛాతీ ఎత్తున ఒక ముద్ర, నేలకు ఆనుకుని మొదట్లో ఇంకో ముద్ర. చెట్టు కొట్టాక పైముద్ర దుంగతో పాటు వెళ్లిపోతుంది, కింది ముద్ర మొద్దు మీదే ఉండిపోతుంది. తర్వాత తనిఖీకి వచ్చిన రేంజరు వంగి మొద్దు చూస్తాడు. ముద్ర ఉంటే లెక్కలో పడిన చెట్టు, లేకపోతే దొంగనరుకు. సిబ్బంది నన్ను ‘హ్యామర్’ అంటారు. ఛార్జి అప్పగించేటప్పుడు నన్ను చూసి, లెక్క సరిపోయాకే సంతకం పెడతారు. నా ముద్రను దొంగగా తయారుచేసిన వాడిని చట్టం వదలదు.

శాఖ చరిత్రను తలచుకునే సభల్లో పెద్ద అధికారుల పేర్లు చదువుతారు. వాళ్లంటే నాకూ గౌరవమే. కాని నేను బతికింది మొద్దుల దగ్గర, అందుకే అక్కడి నుంచే చెబుతాను.

మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి అటవీ సంరక్షకుడు హ్యూ క్లెగ్‌హార్న్ అనే స్కాట్లాండు డాక్టరు. వైద్యం చదివినవాళ్లు మొక్కల శాస్త్రమూ చదివే కాలం అది. ఆయనకు ఆ పని అప్పగించింది 1856లో. దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా దాకా నడిచిందీ ఆ ఏడాదే. పట్టాల కింద పరచడానికి స్లీపర్లు కావాలి. బొగ్గు ఎక్కడి నుంచో రావాలి, కట్టెలు మాత్రం కళ్లెదుటే ఉన్నాయి, కాబట్టి ఇంజన్లలోకీ అవే పోయాయి. అడవి తరిగిపోతోందని కంగారుపడి పెట్టిన శాఖకే రైలుకు కలప అందించే బాధ్యతా అప్పగించారు. కాపలా, కోత రెండూ ఒకే చేతిలో పడ్డాయి. నా రెండు ముఖాలు ఎందుకొచ్చాయో అక్కడే తెలుస్తుంది.

1864లో దేశమంతటికీ అటవీ శాఖ ఏర్పడింది, జర్మనీ నుంచి వచ్చిన డీట్రిక్ బ్రాండిస్ దానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నేను కొలిమిలోంచి బయటపడింది ఆ తర్వాతే. కొండలకు గీతలు గీసి, రాళ్లు పాతి, రిజర్వు అన్నారు. నిన్నటిదాకా ఊరివాళ్లు పశువులు తోలుకుపోయిన దారి ఇవాళ నేరమైంది. మేతకు పుల్లరి కట్టాలి. కట్టకుండా తోలితే పశువులు బందెలదొడ్డికి పోతాయి.

ఇక్కడ నేను తొందరపడను. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టం అన్నారు. ముందు నిలబడిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. ఆ మన్యంలో పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, రెండూ కలిసి రగిలాయి. నిజాం ఇలాకాలో మా శాఖ పేరు జంగ్లాత్. అక్కడ కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. సభలో అధికారుల పేర్లు చదివే గొంతుతోనే ఈ ముగ్గురి పేర్లూ చదవాలని నా కోరిక. వీళ్లు అడవికి శత్రువులు కారు. అడవి మీద ఊరికున్న హక్కును కాగితం ఎక్కించనందుకు ప్రాణాలిచ్చినవాళ్లు.

మద్రాసు చట్టం, హైదరాబాదు చట్టం కలిసి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అయింది. 1980 నాటి కేంద్ర చట్టంతో అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలంటే ఢిల్లీ అనుమతి తప్పనిసరైంది. క్రమంగా పచ్చి చెట్టు మీద నా దెబ్బలు తగ్గి, పట్టుబడిన దుంగల మీద పెరిగాయి. నేనుండేది కడప వైపు, కనుక ఆ దుంగలు ఎక్కువగా ఎర్రచందనమే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు దాటితే అది సహజంగా పెరిగే చోటు దాదాపు లేదు. రాళ్ల నేలలో, తక్కువ నీటితో, ఏళ్ల తరబడి నెమ్మదిగా చేవ పోసుకునే చెట్టు. ఆ చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. దాని మీద ముద్ర వేసేటప్పుడు నా పిడి అదిరిపోతుంది. 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కినా రాత్రిపూట గొడ్డళ్ల చప్పుడు ఆగలేదు. పంచనామాలో రాయడానికి దుంగ దొరుకుతుంది. అది పెరిగిన కాలాన్ని తిరిగి రాయించే పంచనామా లేదు.

సంతోషించిన రోజులూ ఉన్నాయి. జెర్డన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడి ద్వారా 1848లో లోకానికి తెలిసిన కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో అది దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్‌కు దారి చూపింది స్థానికంగా పిట్టలు పట్టే మనుషులు. దాని కోసం లంకమలలో అభయారణ్యం ఏర్పడింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారే మార్చారు. ముద్ర వేయడానికి ఒక్క దుంగా ఇవ్వని ఆ పొదలను శాఖ కాపాడిందంటే, 1856 నుంచి అది చాలా దూరం వచ్చిందనే నా నమ్మకం.

నల్లమలలో బేస్ క్యాంపుల్లో కాపలా కాసే చెంచులను చూసినా అదే అనిపిస్తుంది. పులి అడుగు పాతదో కొత్తదో చెప్పగలిగే కళ్లు అవి. 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి, 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా ఇవ్వొచ్చంది. ఇచ్చినచోట ఇచ్చారు, చాలాచోట్ల అర్జీలు ఇంకా నలుగుతున్నాయి.

కాబట్టి శాఖ చరిత్రను తలచుకునే సభలు జరిపేవాళ్లకు ఒక పని చెబుతాను. 1882 చట్టం కింద రిజర్వు ప్రకటించే ముందు ఒక సెటిల్‌మెంటు అధికారి ఊళ్లవాళ్ల దారి, నీళ్లు, మేత, అటవీ ఫలసాయం మీద హక్కులు విచారించి రాయాలి. సరిహద్దు తగాదా వచ్చినప్పుడు ఇప్పటికీ ఆ కాగితాల కోసమే వెతుకుతారు. వాటిని తెలుగులో అచ్చు వేయించండి. ఏ రిజర్వు చుట్టుపక్కల ఊళ్లవి ఆ ఊళ్లకే పంచండి. గ్రామసభలో చదివి వినిపించడానికి బీటు ఆఫీసరునే పంపండి.