గోడ మనకి, గేటు వాళ్లకి

రాజకీయ వైరం ముదిరిపోయిందనీ, ఒక పార్టీవాడి మాట ఇంకో పార్టీవాడు చెవిన పెట్టడం లేదనీ, మనసులు మారడమే మానేశాయనీ ఈమధ్య మన పెద్దలు తెగ బాధపడుతున్నారు. శుద్ధ అబద్ధం. తెలుగు నేల మీద మనసులు మారినంత తేలిగ్గా చొక్కాలు కూడా మారవు. రాత్రి పడుకునేటప్పుడు ఒక సిద్ధాంతం, తెల్లారి లేచేసరికి ఇంకొకటి. మధ్యలో జరిగేదల్లా ఒక ఫోను, ఒక కారు ప్రయాణం, మెడలో ఒక కండువా. ఆ సాయంత్రమే విలేకరుల సమావేశం: ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే.’

2014 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాను గుర్తు మీద గెలిచిన 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలకు విడతలవారీగా జ్ఞానోదయమైంది. సైకిలే సరైన వాహనమని తెలిసొచ్చింది. రాజీనామా చేసి మళ్లీ జనం ముందుకెళ్తే ఆ జ్ఞానం చెదిరిపోతుందనుకున్నారు కాబోలు, ఒక్కరూ ఆ పని చెయ్యలేదు. నలుగురికి 2017 ఏప్రిల్లో మంత్రి పదవులు కూడా వచ్చాయి. 2019లో తెలుగుదేశానికి లెక్కపెట్టినట్టు 23 సీట్లే వచ్చేసరికి, ఇది దేవుడు రాసిన స్క్రిప్టు అని అవతలివాళ్లు మురిసిపోయారు. అదే దేవుడు 2024లో వాళ్ల 151ని 11 చేశాడు. ఆ స్క్రిప్టు ఎవరు రాశారో మాత్రం వాళ్లు ఇంతవరకు చెప్పలేదు.

2019 జూన్లో, అధినేత విదేశాల్లో ఉండగా, తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు నలుగురు బీజేపీలో ‘విలీనం’ అయ్యారు. అంతకు నెల కిందటి వరకూ ఆ రెండు పార్టీలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనంతగా తిట్టుకున్నాయి. విభేదాలను దాటి చెయ్యి చాచడమంటే అదీ! మనమేమో ఇంట్లో బావమరిదితో మూడేళ్లుగా మాట్లాడటం లేదు.

తెలంగాణ ఇంకో మెట్టు పైన ఉంది. 2018లో కాంగ్రెస్ తరఫున 19 మంది గెలిస్తే, ఆర్నెల్లు తిరక్కుండానే 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. సరేనన్న స్పీకరు పోచారం శ్రీనివాసరెడ్డి గారు. 2023లో ఆ పార్టీ కారు ఓడింది. 2024 జూన్లో ఆ పోచారం గారే కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. అంటే న్యాయమూర్తిగా కూర్చుని కేసంతా విని, వాదనలోని మాధుర్యం నచ్చి, చివరికి ముద్దాయి బోనులోకి తానే నడిచివెళ్లారన్నమాట. అలా వెళ్లినవాళ్లు పదిమంది. వాళ్ల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకరుకు చెప్పాల్సొచ్చింది. మనసు మారిందా లేదా అన్నది తేల్చడానికి కోర్టు గడువు పెట్టాల్సినంత లోతైన తాత్విక సమస్య మరి!

వీటన్నిటికీ పవిత్ర గ్రంథం 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం. ఒక్కడు దూకితే ఫిరాయింపు, గుంపుగా దూకితే విలీనం. మొదట్లో మూడింట ఒక వంతు మంది విడిపోతే చాలు, చీలికగా చెల్లేది. 2003లో 91వ రాజ్యాంగ సవరణ ఆ సౌకర్యం తీసేసింది, ఇక మూడింట రెండొంతుల మందితో విలీనమనే దారి ఒక్కటే మిగిలింది. సంఘీభావం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ సవరణను గమనించాలి. వెళ్లాలంటే తోటివాళ్లను కూడగట్టుకుని, ఒప్పించి, రిసార్టులో భోజనాలు పెట్టి మరీ వెళ్లాలి. మన దేశంలో సంఘీభావం చట్టరీత్యా తప్పనిసరైన చోటు అదొక్కటే.

ఇక మన ఊరి సెంటరుకు రండి. అక్కడ ఎన్టీఆర్ విగ్రహం, దాని ఎదురుగా కొంచెం ఎత్తయిన దిమ్మె మీద వైఎస్ విగ్రహం. రెండో దిమ్మె ఎంత ఎత్తుండాలన్న దాని మీద ఊళ్లో కర్రలు లేచి, పోలీసు పికెట్ పెట్టి, 144 పెట్టి ఉంటారు. తయారుచేసిన శిల్పి మాత్రం ఒకడే కావచ్చు. తెనాలి వెళ్లి చూడండి, ఒకే షెడ్డులో అన్ని పార్టీల నాయకులూ భుజం భుజం ఆనించుకుని, రంగు ఆరడానికి నిలబడి ఉంటారు. విగ్రహాల మాట అటుంచితే, మనుషులుగా మన నాయకులేం చేశారు? వైఎస్, చంద్రబాబు ఇద్దరూ 1978లోనే తొలిసారి శాసనసభలో అడుగుపెట్టారు. ఇద్దరూ టంగుటూరి అంజయ్య మంత్రివర్గంలో సహచరులు. వైఎస్ గెలిచింది ‘రెడ్డి కాంగ్రెస్’ టికెట్టు మీద, గెలిచాక చేరింది ఇందిరా కాంగ్రెస్‌లో. చంద్రబాబు 1983లో మామగారు ఎన్టీఆర్ పార్టీ చేతిలో ఓడి, తర్వాత ఆ పార్టీలోనే చేరారు. కేసీఆర్ యువజన కాంగ్రెస్‌లో మొదలై, తెలుగుదేశంలో మంత్రీ డిప్యూటీ స్పీకరూ అయి, 2001లో సొంత పార్టీ పెట్టారు. రేవంత్ రెడ్డి ఏబీవీపీ దగ్గర బయల్దేరి, తెలుగుదేశం మీదుగా కాంగ్రెస్ చేరారు. వీళ్లలో ఎవరినీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. గేటు ఎప్పుడూ తీసే ఉందని చెప్పడమే.

గోడ ఉన్నది మనకి. 2019 సెప్టెంబరులో తమవాళ్లను పల్నాడు ఊళ్లలో బతకనివ్వడం లేదని గుంటూరులో శిబిరం పెట్టి, ‘చలో ఆత్మకూరు’ అంది తెలుగుదేశం. నాయకులను గడప దాటనివ్వకుండా పోలీసులు ఆపారు. 2024 తర్వాత అదే పల్నాడులో తమవాళ్లను ఊళ్లు వదిలి పొమ్మంటున్నారని వైసీపీ అంది. ఊళ్లు అవే, పొలాలు అవే, ఆటోలో ఎక్కించిన బీరువాలూ మంచాలూ అవే. మారింది ఎక్కినవాళ్లు. ఆ ఊళ్లలో టీ తాగడానికి కూడా రెండు హోటళ్లుంటాయి. ఏ బల్ల మీద కూర్చున్నావన్నదాని మీద నీ పింఛనూ, నీ సర్వే రాయీ, నీ కూతురి పెళ్లికి వచ్చే జనమూ ఆధారపడి ఉంటాయి. 

అసలు వినోదం నాయకుడు గేటు దాటిన మర్నాడు మొదలవుతుంది. నిన్నటి దాకా కొట్టుకున్న రెండు వర్గాలూ ఇవాళ ఒకే ఫ్లెక్సీ కింద నిలబడాలి. 

‘‘ఏం బావా, ఇకనించి మనం మనం ఒకటేనంట గదా?’’

‘‘ఒకటే మామా. కాకపోతే నా నెత్తి మీద ఆరు కుట్లున్నయ్యి. అవి ఏ పార్టీవో ఎమ్మెల్యే గారు చెప్పలా.’’

‘‘పాతయ్యన్నీ మర్చిపొమ్మన్నాడు గదా సారు.’’

‘‘మర్చిపోతా మామా. నువ్వు పెట్టిన కేసు నువ్వు తీయించుకుంటే, వాయిదాకి నరసరావుపేట పోయినప్పుడల్లా గుర్తు రాకుండా ఉంటది.’’

కేసు తీయించడం మామ చేతుల్లో లేదు. సారు చేతుల్లో ఉంది గానీ, సారు ఆ రోజు హైదరాబాదులో ఉన్నారు.

మరి మనసులు మార్చే బాధ్యత భుజాన వేసుకున్న మేధావులు ఏం చేస్తున్నట్టు? వాళ్లు రౌండ్ టేబుల్ సమావేశం పెడుతున్నారు. ప్రెస్ క్లబ్బులో, పదిన్నరకని వేసి పదకొండున్నరకు. వెనక ఫ్లెక్సీ మీద ‘విస్తృత ఐక్యత – నేటి ఆవశ్యకత’. వచ్చేది పోయిన నెల ‘ప్రజాస్వామ్యం – సవాళ్లు’కు వచ్చినవాళ్లే. మొదటి వక్త సమయాభావం వల్ల క్లుప్తంగా ముగిస్తానని నలభై నిమిషాలు మాట్లాడి, ఇంకో సమావేశం ఉందని వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు ఆయనతో ఏకీభవిస్తారు. ప్రజల్లో చైతన్యం తేవాలని తీర్మానిస్తారు. ప్రజలకు మాత్రం కబురు అందదు. అవతలి పక్షం వాడొకడు దారితప్పి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడనుకోండి, సమోసాలు వచ్చేలోపు నిర్వాహకులు గుసగుసలాడుకుంటారు: ‘‘వీణ్ణెవడు పిలిచాడు?’’ ఆ ప్రశ్న మీద వేదిక చీలుతుంది. కొత్త వేదిక పేరులో కూడా ఐక్యత ఉంటుంది. 1964 నించి మన వామపక్షాలు ఐక్యత కోసం ఎన్నిసార్లు చీలాయో వాటికే లెక్క తెలియాలి. ఎదుటి శిబిరంలో ఉన్న వాడితో పొత్తు కుదుర్చుకోగలరు గానీ, పక్క గదిలో విడిపోయిన వాడితో టీ తాగలేరు.

ఫోనులో ఉద్యమించేవాళ్ల పద్ధతి ఇంకా ముచ్చటైనది. ఎదుటివాణ్ని ముందు ‘గొర్రె’ అనాలి. తర్వాత ‘ఐదు రూపాయల బ్యాచ్’ అనాలి. వాళ్ల నాయకుడి కుటుంబంలో ఆడవాళ్లను ఒక మాట అనాలి. కులం ఏమిటో ఇంటిపేరు బట్టి లెక్కగట్టి అది కూడా ఎత్తాలి. ఇదంతా అయ్యాక ‘ఇప్పటికైనా వాస్తవం తెలుసుకో బ్రదర్’ అని ముగించాలి. అయినా వాడు మారడు! ఇంత విడమర్చి చెప్పినా అర్థం కాలేదంటే వాడికి బుర్ర లేదనే గదా. డాలస్‌లో కూర్చుని ఓటు లేని పౌరుడొకడు, ప్రొద్దుటూరులో ఓటున్న పిన్నిని ఇదే పద్ధతిలో చైతన్యపరుస్తుంటాడు. ఆవిడ గ్రూపు మ్యూట్‌లో పెట్టుకుని, ఎవరికి వెయ్యాలో వాళ్లకు వేసి వస్తుంది.

తిట్టకుండా, తీర్మానం చెయ్యకుండా ఈ పని చేసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. వాళ్లు మేధావులు కాకపోవడం వల్ల వాళ్ల పద్ధతి ఎవరి కంటికీ ఆనలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు వాళ్లు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం. సారా వల్ల కాపురం కూలిన కథ. పాఠం చదివి, ఇది మన కథే గదా అనుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు. ఆ గుంపులో ఏ పార్టీకి ఓటేసేవాళ్లున్నారని ఎవరూ అడగలేదు. తెలుగుదేశం మొగుడు తాగొచ్చినా, కాంగ్రెస్ మొగుడు తాగొచ్చినా తన్నేది ఒకేలా గనక ఆ ప్రశ్న వాళ్లకు తట్టి ఉండదు. ‘నీ నాయకుణ్ని వదిలేసి రా’ అని ఒకరినొకరు అనుకోలేదు. ‘చీపురు తీసుకుని రా’ అన్నారు. కారం పొట్లాలు కూడా తెచ్చారు. సారా ప్యాకెట్లు రోడ్డు మీద పారబోశారు. కాంట్రాక్టరు తమ కులంవాడైనా, తమ పార్టీవాడైనా అడ్డుపడ్డారు. 1992 నాటికి అది జిల్లాలు దాటింది, సారా వేలంపాటలు జరగడమే కష్టమైంది.

ఇంకోటి విశాఖలో. 1966లో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు నిరాహారదీక్షకు కూర్చుంటే, తెన్నేటి విశ్వనాథం ముందుండి అన్ని పార్టీలవాళ్లనూ ఒక తాటి మీదికి తెచ్చారు. పోలీసు కాల్పుల్లో 32 మంది పోయారు. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీని అమ్మేస్తామని కేంద్రం అన్నప్పుడు కూర్మన్నపాలెంలో వేసిన టెంటు కింద సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ కలిసి కూర్చున్నాయి. గుర్తింపు ఎన్నికల్లో ఒకరి కరపత్రం మీద ఇంకొకరు కరపత్రం అంటించుకునేవాళ్లు వీళ్లు. టెంటులో ఎర్ర జెండా పక్కన మూడు రంగుల జెండా. ప్రేమ పుట్టి కాదు. జీతం అందరికీ ఒకే గేటు లోపలి నించి వస్తుంది గనక.

పార్టీలకు సంఘీభావం తెలియదని నేననను. 2022లో ద్రౌపది ముర్ము గారికి, 2025లో ఉపరాష్ట్రపతిగా సి.పి. రాధాకృష్ణన్ గారికి, ఇక్కడ రోజూ ఒకరినొకరు బూతులు తిట్టుకునే తెలుగుదేశమూ వైసీపీయూ కలిసి ఓట్లేశాయి. ఢిల్లీ చలిలో మన తెలుగువాళ్లు ఎంత దగ్గరగా జరిగి కూర్చుంటారో చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఆ దగ్గరతనం ఉక్కు కోసం ఒక్కపూట అరువిమ్మని కూర్మన్నపాలెం టెంటు అడుగుతూనే ఉంది.

దూబగుంట ఆడవాళ్లకు మాత్రం ఫలితం దక్కింది. 1980ల్లో ప్యాకెట్ సారాకు ‘వారుణి వాహిని’ అని చల్లటి పేరు పెట్టి ఊరూరా పారించిన ప్రభుత్వం ఎన్టీఆర్‌ది. కాంగ్రెస్ వచ్చి ఆ ప్రవాహాన్ని అడ్డుకోలేదు, ఆదాయం లెక్కపెట్టుకుంది. చీపుళ్లు లేచాక కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరులో సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో గెలిచి ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం చేసిన వేదిక మీదే మద్య నిషేధం మీద సంతకం పెట్టారు. రెండు పార్టీల మనసులూ మారాయి. ఎన్నికల ముందు ఆడవాళ్ల ఓట్లు లెక్కపెట్టుకుంటే అలాంటి పరివర్తన సహజం. 1997లో అల్లుడుగారు లెక్క మళ్లీ చూసి నిషేధం సడలించారు.

ఆ తర్వాత ఆ ఆడవాళ్లను పొదుపు సంఘాలుగా కూర్చారు. మంచి పనే. ఇప్పుడు ఏ పార్టీ సభ జరిగినా బస్సులు నింపడానికి సంఘం లీడరుకు ఫోను వస్తుంది. ఒక ప్రభుత్వం పసుపు కుంకుమ ఇచ్చింది, ఇంకోటి ఆసరా ఇచ్చింది. రాకపోతే రుణం ఆగుతుందని బెదిరించారని ఒక ఏడు ఒక పత్రిక రాస్తుంది, మరో ఏడు రెండో పత్రిక. 

మద్యం విషయంలోనైతే తేడా పూర్తిగా పోయింది. 2019 తర్వాత వైసీపీ దశలవారీ నిషేధం అంటూ దుకాణాలన్నీ సర్కారు చేతిలోకి తీసుకుని, తనే అమ్మింది. 2024లో తెలుగుదేశం కూటమి వచ్చి, అక్టోబరులో 3,396 దుకాణాలకు లాటరీ తీసి ప్రైవేటుకిచ్చింది. క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతుందని భరోసా కూడా ఇచ్చింది. దరఖాస్తు రుసుము 2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, రుసుము కిందే 1,800 కోట్ల దాకా పోగైంది. ఎమ్మెల్యేల మనుషులు సిండికేట్లు కట్టారనీ, వేరేవాళ్లను వెయ్యొద్దన్నారనీ, కొన్నిచోట్ల పాత పార్టీవాడూ కొత్త పార్టీవాడూ వాటా మాట్లాడుకుని ఒకే పేరు మీద వేశారనీ చెప్పుకున్నారు. అదే నిజమైతే ఆ షాపు ముందు మామా బావా ఇద్దరూ ఒకే వరుసలో నిలబడాలి. ఎవరి కండువా ఏదని షాపువాడు అడగడు. చిల్లర మాత్రం సరిగ్గా తెమ్మంటాడు, వందకి రూపాయి వెనక్కి ఇవ్వడం వాడికి ఇబ్బంది.