రైలుకు ముందే టిక్కెట్టు

విజయవాడ, గుంటూరు, తెనాలి మధ్య బొంబాయిలో మాదిరి లోకల్ రైళ్లు తిరగాలి, వాటిని సత్తెనపల్లి, పిడుగురాళ్ల దాకా పొడిగించాలి అని ఎవరైనా అనడమే ఆలస్యం, పక్కనే ఉన్న పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. ‘డబ్బెక్కడిది? అమెరికాలో చూడండి, కొన్న ప్రతి సరుకు మీదా అర శాతమో ఒక శాతమో అదనంగా కట్టి రైళ్లు తెచ్చుకున్నారు. మనవాళ్లు పైసా కట్టరు, రైలు మాత్రం ఇంటి ముందు ఆగాలంటారు’ అని తీర్పు చెప్పేస్తాడు. మనం పైసా కట్టడం లేదన్నది అందులో ఒక నమ్మకం. కడితే రైలు వస్తుందన్నది రెండో నమ్మకం. ఈ రెంటినీ పల్నాడు జిల్లా బెల్లంకొండలో నిలబెట్టి చూస్తే సరిపోతుంది. బెల్లంకొండ పట్టాలు ఎరగని ఊరేమీ కాదు. గుంటూరు నుంచి నడికుడి మీదుగా పగిడిపల్లి వెళ్లే లైన్లో దానికి స్టేషన్ ఉంది. 2023 ఏప్రిల్ 8న జెండా ఊపిన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ కూడా ఈ పట్టాల మీదుగానే పోతుంది. మొదలైననాడు దానికి నల్గొండ దాటితే గుంటూరులోనే ఆగడం. బెల్లంకొండకు దాని గాలి మాత్రం ఉచితంగానే తగులుతుంది. ఇక ఊరి వాటా అంటారా, కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఈ మండలంలోదే, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. వజ్రం పోయింది, ఊరు పోయింది, ‘పైసా కట్టరు’ అన్న నింద మిగిలింది.

సరే, కడదాం. ఎలా కట్టాలి? పెద్దమనిషి ఇక్కడ చట్టం చూసినట్టు లేడు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను వేసుకునే హక్కు పంచాయతీకి కాదు గదా, రాష్ట్రానికే దాదాపు పోయింది. రాష్ట్రం చేతిలో మిగిలిన సరుకుల్లో చెప్పుకోదగ్గవి పెట్రోలు, డీజిలు, మద్యం. మామూలు సరుకుల మీద ప్రత్యేక రేటు కావాలంటే రాజ్యాంగం ఒక్క సందు ఉంచింది, ప్రకృతి విపత్తు. వరదల తర్వాత కేరళ ఆ సందులోంచే 2019 ఆగస్టు నుంచి రెండేళ్లు ఒక శాతం సెస్సు వసూలు చేసింది. 2024లో బుడమేరు విజయవాడను ముంచాక మన రాష్ట్రమూ జీఎస్టీ మండలిని అదే అడిగింది. లోకల్ రైలు లేకపోవడం ఎంత కష్టమైనా విపత్తుల జాబితాలోకి ఎక్కదు. కాబట్టి స్థానిక అమ్మకపు పన్నుతో రైలు రావాలంటే బెల్లంకొండ వాళ్లకు రెండే దారులు: డీజిలు ఎక్కువ తగలెయ్యడం, మందు ఎక్కువ తాగడం. రోడ్డు మీద బండ్లు తగ్గాలని రైలు, ఆ రైలు కోసం బండ్లు పెరగాలి. ఈ ఆర్థికశాస్త్రం ఎవరికి అర్థమైనా చెప్పండి, పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర సన్మానం ఏర్పాటు చేయిద్దాం.

ఇంతకీ డీజిలు మీద ఈ ప్రయోగం ఇప్పటికే జరిగింది. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లీటరు పెట్రోలు, డీజిలు మీద ఒక్కో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. పెట్రోలుకు 31 శాతం, డీజిలుకు 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్ అప్పటికే ఉన్నాయి. వాటి పక్కన ఈ రూపాయి వచ్చి కూర్చుంది, సెస్సు మీద మళ్లీ వ్యాటూ పడుతుంది. గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు వేసుకుపోయే ట్రాక్టరు ట్యాంకులో ఇరవై లీటర్లు పోయించిన రైతు ఇరవై రూపాయలు రోడ్డుకు ఇచ్చినట్టే. బంకు వాడిచ్చే చీటీలో లీటరు ధర ఉంటుంది, ఎన్ని లీటర్లో ఉంటుంది, మొత్తం ఉంటుంది. అందులో రూపాయి రోడ్డుదన్న ముక్క ఉండదు. పైసా కట్టరని పేరుబడ్డ మనిషి తాను కడుతున్న సంగతి తెలియకుండానే కడుతున్నాడు. మరి రోడ్డేమైంది? రాబోయే సెస్సును చూపించి బ్యాంకుల్లో 2,000 కోట్ల అప్పుకు వెళ్లారు. 2021లో టెండర్లు పిలిస్తే, పాత బిల్లులే రానివాళ్లు కొత్త పనికి ఎందుకొస్తారు? గుంతల ఫోటోలు ఆ రోజుల్లో ఎన్నికల గుర్తులంత ప్రసిద్ధి. 2024 నవంబరులో కొత్త ప్రభుత్వం రోడ్ల గుంతలు పూడ్చడానికి వందల కోట్లతో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. నాలుగేళ్లు వసూలైన రూపాయి గుంతలు పూడ్చలేదని ఇంతకంటే అధికారికంగా ఎవరు ఒప్పుకుంటారు? సెస్సును మాత్రం కొత్త వాళ్లూ తియ్యలేదు. పార్టీలు మారినా పన్నుకు ఉద్యోగ భద్రత ఉంది.

పెద్దమనిషి దగ్గర గట్టి వాదన ఒకటుంది, దాన్ని తీసిపారెయ్యకూడదు. రాష్ట్రం వాటా ఇవ్వకపోతే రైల్వే పని ఆగుతుంది, అందుకే స్థానిక డబ్బు కావాలంటాడు. నిజమే. మన పక్కనే సాక్ష్యముంది. నడికుడి–శ్రీకాళహస్తి లైను 309 కిలోమీటర్లు, 2011–12లో మంజూరు. ఖర్చులో సగం రాష్ట్రానిది, భూమి రాష్ట్రం ఉచితంగా ఇవ్వాలి. పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం దాకా 46 కిలోమీటర్ల ముక్క తయారైంది గానీ, మిగతా లైను కోసం ప్రకాశం, నెల్లూరు జిల్లాలు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. రాష్ట్రం వాటా జమ కాలేదని రైల్వే, భూమి ఇచ్చాం గదా అని రాష్ట్రం. హైదరాబాదులోనూ ఇదే పాట. 2003లో అక్కడి లోకల్ రైలు ఎంఎంటీఎస్ రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చుతో పరుగెత్తింది. 2012–13లో రెండో దశకు వచ్చేసరికి మూడింట రెండు వంతులు రాష్ట్రం పెట్టాలన్నారు. తర్వాత రాష్ట్రమే రెండైంది, వాటా బాకీ పడింది, 2023 ఏప్రిల్ 8న ఆ వందే భారత్ తోపాటే పదమూడు కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులకు జెండా ఊపేదాకా పదేళ్లు గడిచాయి. అయితే ఈ కథల నుంచి పెద్దమనిషి తీసిన నీతి తలకిందులుగా ఉంది. ఈ పదేళ్లూ జనం పన్ను కట్టడం మానలేదు. డీజిలు మీద కట్టారు, రిజిస్ట్రేషన్ల మీద కట్టారు, 2021లో పట్టణాల్లో చెత్త మీద కూడా కట్టారు. కట్టిన డబ్బుకూ రాని రైలుకూ మధ్య తాడు లేదు, అంతే. ఆ తాడు లేనంతకాలం ఇంకో శాతం వేసినా అది పాత సంచీలోకే పోతుంది. ఢిల్లీ సంచీ మేలా అంటే, రైలు భద్రతకంటూ 2017లో పెట్టిన ప్రత్యేక నిధిలోంచి పాదాలు పిసికే యంత్రాలు, పింగాణీ సామాన్లు కొన్నారని కాగ్ నివేదికే 2022లో బయటపెట్టింది. పాదాలకు విశ్రాంతి భద్రతలో భాగమేమో!

ఇక అమెరికా సంగతి. పెద్దమనిషి అక్కడి పన్ను శాతం చూశాడు గానీ బ్యాలెట్ పెట్టె చూడలేదు. లాస్ ఏంజెలెస్ లో 2012లో రవాణా పన్ను గడువు పొడిగించమంటే నూటికి 66 మంది సరేనన్నారు, అయినా ఓడిపోయింది. మూడింట రెండు వంతులు నిండాలన్నది అక్కడి నియమం, దానికి వెంట్రుకవాసి తగ్గింది. 2016లో మళ్లీ అడిగితే డెబ్బై శాతం దాటింది. ఏ లైను ఎప్పటికి వస్తుందో జాబితా ముందే చేతికిచ్చి, ఖర్చు మీద స్వతంత్ర కమిటీని పెట్టి అడిగారు కాబట్టి. మన తెలుగువాళ్లు బారులు తీరిన డాలస్ శివార్లు చూడండి. ప్లానో, ఇర్వింగ్ ఒక శాతం అమ్మకపు పన్నుతో డార్ట్ రైలు వ్యవస్థలో చేరాయి. ఫ్రిస్కో చేరనేలేదు, తన వాటా పన్నును పరిశ్రమలు రప్పించుకోవడానికి వాడుకుంది. చేరినవాళ్లకైనా ఆరేళ్లకోసారి తప్పుకొనే హక్కుంది. కట్టినంత తిరిగి రావడం లేదని అలిగి, 2025 నవంబరులో ప్లానో, ఇర్వింగ్ నగర మండళ్లు ఉండాలా పోవాలా అని ఓటు పెట్టాలని తీర్మానించాయి. వాళ్ల అలక న్యాయమైందో కాదో వేరే చర్చ. బంధం తెంపుకునే వీలు ఉన్నచోటే బంధానికి విలువ. మన రూపాయి సెస్సుకు ఓటూ లేదు, గడువూ లేదు, తప్పుకునే దారీ లేదు. పల్నాడు రైతు తప్పుకోవాలంటే ట్రాక్టరు అమ్మి ఎడ్లు కొనాలి.

పన్నే వద్దని కాదు. రైలు ఊరికే రాదు, ఎవరో ఒకరు కట్టాల్సిందే. అయితే ఎవరు? అమ్మకపు పన్ను కూలి కొన్న లీటరు నూనె మీదా, కోటీశ్వరుడు కొన్న లీటరు నూనె మీదా ఒకే శాతం పడుతుంది. రైలు వస్తే లాభపడేది మాత్రం స్టేషన్ పక్క భూమి. 2024 అక్టోబరులో ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల లైనుకు 2,245 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పట్టా ఒక్కటీ పడకముందే ప్లాట్ల కరపత్రాల మీద రైలు బొమ్మ వేసుకునే వ్యాపారం మనకు తెలియంది కాదు. ముంబయి, పుణెల్లో మెట్రో పేరుతో ఒక శాతం సెస్సు రిజిస్ట్రేషన్ల మీద వేశారు, కనీసం అక్కడ కట్టేవాడు ఆస్తి కొనేవాడు. పెరిగిన భూమి విలువలో వాటా తీసుకుంటే బెల్లంకొండ కూలీ సంచీలో చెయ్యి పెట్టక్కర్లేదు. ఆ మాట చెప్పాలంటే వెంచర్లున్న నాయకులతో తగాదా, డీజిలు కొనేవాడితో తగాదా ఉండదు. ఇంకొక మాట: 2014 విభజన చట్టం విజయవాడ–గుంటూరు–తెనాలి మెట్రో సాధ్యమో కాదో ఏడాదిలో పరిశీలించమంది. ఏడాదిలో రైలు కాదు, పరిశీలన. దానికైనా పన్ను అడగలేదు, అదీ నిలబడలేదు.

కాబట్టి రైలు పన్ను ప్రతిపాదన పట్టుకొని ఎవరైనా సత్తెనపల్లి, బెల్లంకొండ, పిడుగురాళ్ల వస్తే మర్యాదగా కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. 2020 నుంచి పల్నాడు జిల్లా బంకుల్లో వసూలైన రోడ్డు రూపాయి ఎంత, అందులో పల్నాడు రోడ్లకు వచ్చిందెంత అని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెడితే, రైలు పన్ను మీద గ్రామసభ పిలిచి ఓటు అడగమనండి.